తిప్పితే తెల్లబడే ద్రావణం: షియర్ కింద పాలిమర్ విడిపోవడాన్ని పట్టుకునే పద్ధతి

జీడిమెట్లలో ఒక చిన్న ఫార్మా యూనిట్‌లో నేను కొత్తగా చేరిన రోజులవి. మాత్రల పూతకు వాడే హెచ్‌పీఎంసీ (నీళ్లలో కరిగే సెల్యులోజ్ పాలిమర్) ద్రావణం, స్టిరర్ వేగం పెంచగానే పాలలా తెల్లబడింది. ఎమ్మెస్సీలో చదివిన నాలుగు పేజీలు బుర్రలో తాజాగా ఉన్నాయి. షియర్ వల్ల, అంటే ద్రవం పొరలు ఒకదాని మీద ఒకటి జారడం వల్ల, పాలిమర్ విడిపోతోందని తేల్చేసి, మూడు రోజులు కూర్చుని రిపోర్టు రాశాను. మా సీనియర్ దాన్ని తెరవను కూడా తెరవలేదు.

"స్టిరర్ ఆపి చూసినవా?"

"ఆపాను సార్."

"ఆపినంక ఎంతసేపట్ల తేటపడ్డది?"

నేను చూడలేదు. "బీకర్‌ల తీసి పెట్టు తమ్ముడూ, పొద్దున చూద్దాం" అన్నాడు. పొద్దునకల్లా పైన ఇంత నురగ, కింద అద్దంలాంటి ద్రావణం. అవి గాలి బుడగలు, అంతే.

నేను రాసినది తప్పయినా, అలాంటి సంగతి లోకంలో నిజంగానే ఉంది. కొన్ని పాలిమర్ ద్రావణాలు కదలకుండా ఉంటే తేటగా ఉంటాయి, తిప్పితే తెల్లబడతాయి, ఆపితే మళ్లీ తేటపడతాయి. దాన్ని చూడటం కష్టం కాదు. చూసింది అదేనని నమ్మకంగా చెప్పడమే కష్టం. కింద రాసిందంతా ఆ నమ్మకం కోసమే.

ముందు, లోపల ఏం జరుగుతుందో

షియర్ అంటే ఏమిటో దోసె పెనం దగ్గర కనబడుతుంది. కింద పెనం కదలదు, పైన గరిటె తిరుగుతుంది, మధ్యలో పిండి పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి జారుతుంది. గరిటె వేగాన్ని పిండి మందంతో భాగిస్తే వచ్చేది షియర్ రేటు. గరిటె సెకనుకు 20 సెంటీమీటర్లు కదులుతూ, పిండి 2 మిల్లీమీటర్ల మందం ఉంటే షియర్ రేటు సెకనుకు 100.

ఇప్పుడు ఆ పిండి స్థానంలో పొడవాటి పాలిమర్ గొలుసులున్న ద్రావణాన్ని ఊహించండి. గాఢత బాగా తక్కువైతే ఒక్కో గొలుసు ఒక్కో ఉండలా విడిగా తేలుతుంది. గాఢత ఒక హద్దు దాటితే ఉండలు ఒకదానిలో ఒకటి దూరి, నూలు చిక్కుపడ్డట్టు అల్లుకుంటాయి. షియర్ ఈ చిక్కును సాగదీస్తుంది. సాగిన గొలుసు మళ్లీ ముడుచుకోవడానికి కొంత సమయం కావాలి. అంతకంటే వేగంగా మీరు సాగదీస్తూ పోతే ఒత్తిడి లోపల నిలవ ఉండిపోతుంది. ఆ సమయాన్ని షియర్ రేటుతో గుణిస్తే వచ్చే అంకెను వైసెన్‌బర్గ్ సంఖ్య అంటారు. అది 1 దాటిన దగ్గర్నుంచే మన కథ మొదలవుతుంది.

నిలవున్న ఒత్తిడి సాల్వెంట్‌ను, అంటే పాలిమర్‌ను కరిగించుకున్న ద్రవాన్ని, ఎలా వేరు చేస్తుంది? బకెట్లో నానబెట్టిన చీరను అక్కడే నీళ్లలో మెలిపెట్టండి. బట్ట దగ్గరపడుతుంది, నీళ్లు పక్కకు వస్తాయి. మెలి వదిలేస్తే బట్ట మళ్లీ నీళ్లు పీల్చుకుంటుంది. ద్రావణంలో గాఢత ఎప్పుడూ అంతటా సమానంగా ఉండదు. ఒకచోట కాస్త చిక్కగా, పక్కన కాస్త పలుచగా ఉంటుంది. చిక్కగా ఉన్నచోట ఒత్తిడి ఎక్కువ. ఆ తేడా గొలుసులను ఇంకా చిక్కటి వైపు నెడుతుంది, సాల్వెంట్‌ను బయటికి పిండుతుంది. మామూలుగా విసరణం (అణువులు వాటంతటవే అటూ ఇటూ కదిలి సమానంగా పరుచుకోవడం) ఈ హెచ్చుతగ్గులను చెరిపేస్తూ ఉంటుంది. షియర్ ముందు అది ఓడిపోతే మచ్చలు పెరుగుతాయి, వాటి మీద కాంతి చెదురుతుంది, ద్రావణం తెల్లగా కనబడుతుంది. ఈ లెక్కను 1989లో హెల్ఫాండ్, ఫ్రెడ్రిక్సన్ కాగితం మీద పెట్టారు. ప్రయోగంలో అది అంతకుముందే కనబడింది. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను డయాక్టైల్ థాలేట్ అనే నూనెలాంటి ద్రవంలో కరిగించి ప్రవహింపజేస్తే మసకబారుతోందని 1974లో వెర్ స్ట్రేట్, ఫిలిప్పాఫ్ రాశారు.

ఇక్కడో తిరకాసు. 1952లో సిల్బర్‌బర్గ్, కూన్ చూసింది సరిగ్గా దీనికి ఎదురు. రెండు వేర్వేరు పాలిమర్లున్న ద్రావణం విడిపోయి ఉండగా, షియర్ ఇస్తే అది కలిసిపోయింది. అందుకే షియర్ కలుపుతుందా, విడదీస్తుందా అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పకండి. రెండు భాగాల కదలికలో పెద్ద తేడా లేకపోతే షియర్ మచ్చలను చీల్చి కలిపేస్తుంది. ఒకటి బద్ధకంగా కదిలే గొలుసు, రెండోది చురుకైన సాల్వెంట్ అయితే విడదీసే అవకాశం ఎక్కువ.

ద్రావణం మసకబారే ఉష్ణోగ్రతను క్లౌడ్ పాయింట్ అంటారు. చాలామంది దీన్ని "షియర్ వల్ల క్లౌడ్ పాయింట్ పెరిగింది" అని రాస్తారు. మాట్లాడుకోవడానికి బాగుంటుంది కానీ నాకు ఆ మాట నచ్చదు. ఉష్ణోగ్రత మార్చితే నిలకడ స్థితే మారుతుంది. షియర్‌తో వచ్చిన మసక, మీరు తిప్పుతున్నంతసేపే ఉంటుంది.

మొదటి అడుగు: అబద్ధం చెప్పని నమూనా ఎంచుకోండి

తిప్పితే వేడి పుడుతుంది. ఇది తప్పదు. హెచ్‌పీఎంసీ లాంటివి వేడెక్కితే మసకబారే రకం. గ్రేడును బట్టి 50, 60 డిగ్రీల దగ్గర తెల్లబడతాయి. అలాంటిదాన్ని తిప్పి తెల్లబడితే, అది షియర్ వల్లో వేడి వల్లో మీకెప్పటికీ తేలదు. పాలీస్టైరీన్, డయాక్టైల్ థాలేట్ జంట దీనికి ఎదురు. చల్లబడితే మసకబారుతుంది, వేడెక్కితే తేటపడుతుంది. తిప్పినప్పుడు పుట్టే వేడి మసకను చెరపాలే గాని తేలేదు. వేడెక్కుతూ కూడా తెల్లబడిందంటే ఆ తెలుపు షియర్‌దే అనడానికి సగం సాక్ష్యం దొరికినట్టే. ఇన్నేళ్లుగా పరిశోధకులు ఈ జంటను పట్టుకుని వేలాడటానికి అదొక కారణం. డయాక్టైల్ థాలేట్ నీటి కంటే పదుల రెట్లు చిక్కన కావడం ఇంకో కారణం. గొలుసులు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి తక్కువ వేగానికే సంగతి బయటపడుతుంది. పైగా అది ఆవిరైపోదు.

ఈ జంటకు థీటా ఉష్ణోగ్రత 22 డిగ్రీల దగ్గర. అంటే ఆ దరిదాపుల నుంచి సాల్వెంట్‌కు గొలుసుల మీద ఇష్టం తగ్గుతుంది. అసలు విడిపోవడం ఇంకాస్త కింద జరుగుతుంది.

గొలుసు పొడవు దగ్గర పిసినారితనం వద్దు. థర్మోకోల్ ముక్క కూడా పాలీస్టైరీనే కదా, అది కరిగిస్తే సరిపోదా అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోదు. దాని అణుభారం సాధారణంగా రెండు, మూడు లక్షలు. మనకు 20 లక్షలైనా కావాలి. చిక్కుపడ్డ గొలుసుల్లో అణుభారం 10 రెట్లు పెరిగితే ముడుచుకునే సమయం సుమారు 2,500 రెట్లు పెరుగుతుంది. చిన్న గొలుసుతో అదే ఫలితం కోసం అంత ఎక్కువ వేగంగా తిప్పాలి. అప్పటికి ద్రావణం మరిగిపోతుంది, లేకపోతే అంచుల నుంచి ఎగిరిపోతుంది.

గాఢత లెక్క ఇలా వేసుకోండి. థీటా దగ్గర పాలీస్టైరీన్ అంతర్గత స్నిగ్ధత (కొద్ది పాలిమర్ ద్రావణాన్ని ఎంత చిక్కబరుస్తుందో చెప్పే కొలత), అణుభారపు వర్గమూలానికి 0.083 రెట్లు ఉంటుంది, గ్రాముకు మిల్లీలీటర్లలో. 20 లక్షలకు వర్గమూలం 1,414. కాబట్టి అంతర్గత స్నిగ్ధత సుమారు 117. దాని విలోమం 0.0085. అంటే 100 మిల్లీలీటర్లలో 0.85 గ్రాముల దగ్గర ఉండలు ఒకదానికొకటి తగులుతాయి. చిక్కు బాగా పడాలంటే దానికి ఐదు రెట్లు వెయ్యండి, 4 గ్రాములు.

రెండో అడుగు: కరిగించడం

ఇక్కడే సగం మంది తప్పు చేస్తారు. ఆత్రం కొద్దీ మాగ్నెటిక్ స్టిరర్ గట్టిగా తిప్పితే పొడవాటి గొలుసులు తెగిపోతాయి. సీసాను కొద్దిగా వెచ్చగా ఉంచి, రోలర్ మీద నెమ్మదిగా దొర్లిస్తూ రోజుల తరబడి ఆగాలి. ల్యాబుల్లో ముందు డైక్లోరోమీథేన్ కలిపి కరిగించి, తర్వాత దాన్ని పూర్తిగా ఎగరగొడతారు. అది ఫ్యూమ్ హుడ్ ఉన్నవాళ్ల పని, ఇంట్లో చెయ్యకండి. డయాక్టైల్ థాలేట్ కూడా పునరుత్పత్తి వ్యవస్థకు మంచిది కాదు, గ్లవ్స్ తప్పనిసరి. డైక్లోరోమీథేన్ ఎగిరిందో లేదో సీసా బరువు తూచి తెలుసుకోండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే అయిపోయినట్టు.

వెలుతురుకు ఎత్తి చూడండి. చేపకళ్లలా జెల్ ముద్దలు కనబడితే ఇంకా కరగలేదు. వాటితో మొదలుపెడితే లేజర్ కింద అవే పెద్ద ఫలితంలా కనిపించి మోసం చేస్తాయి.

మూడో అడుగు: కదలకుండా ఉన్నప్పటి క్లౌడ్ పాయింట్

పరీక్షనాళికలో కొంచెం ద్రావణం పోసి, నీళ్ల గిన్నెలో పెట్టి, ఐస్ వేస్తూ నిమిషానికి పావు డిగ్రీ కంటే వేగంగా కాకుండా చల్లార్చండి. వెనక నల్లటి గీత గీసిన కాగితం పెట్టండి. గీత మసకబారిన ఉష్ణోగ్రత రాసుకోండి. మళ్లీ వెచ్చబెట్టి తేటపడిన ఉష్ణోగ్రత రాసుకోండి. రెండింటి మధ్య ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా వస్తే మీరు తొందరపడ్డారు. అసలు ప్రయోగం ఈ క్లౌడ్ పాయింట్ కంటే 3 నుంచి 5 డిగ్రీల పైన చెయ్యాలి. మరీ దగ్గరగా పెడితే ఏసీ ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా దానంతటదే మసకబారుతుంది. దూరంగా పెడితే ఎంత తిప్పినా ఏమీ కాదు.

మన ఊళ్లో దీనికి మంచి కాలం డిసెంబర్, జనవరి. మే నెలలో గది 38 డిగ్రీలున్నప్పుడు గాజుపలకను 15 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడం నరకం. వానాకాలం ఇంకా ఘోరం, ఎందుకో తర్వాత చెబుతాను.

నాలుగో అడుగు: గొలుసు ముడుచుకునే సమయం కనుక్కోవడం

తార్నాక ఐఐసీటీలోనో, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనో, కంది ఐఐటీలోనో తెలిసినవాళ్లుంటే రియోమీటర్ (స్నిగ్ధత, అంటే చిక్కదనం, కొలిచే యంత్రం) మీద ఒక్క పూట అడగండి. తక్కువ షియర్ రేటు నుంచి ఎక్కువకు పోతూ స్నిగ్ధత గీయండి. మొదట గీత సమతలంగా ఉంటుంది, తర్వాత కిందికి వంగుతుంది. 1ని వంగడం మొదలైన షియర్ రేటుతో భాగిస్తే ముడుచుకునే సమయం దాదాపుగా వచ్చేస్తుంది. సెకనుకు 5 దగ్గర వంగితే సమయం 0.2 సెకన్లు. ఆ వంపు దాటిన దగ్గర్నుంచే మసక కోసం వెతకాలి.

రియోమీటర్ లేకపోతే ద్రావణంలో గాజు కడ్డీ పెట్టి నెమ్మదిగా తిప్పండి. నీళ్లయితే కడ్డీ చుట్టూ గుంట పడుతుంది. సాగే గుణమున్న ద్రావణం కడ్డీని పట్టుకుని పైకి ఎక్కుతుంది. అంకె రాదు కానీ, ఎక్కడం మొదలైన వేగంలో గొలుసులు నిజంగా సాగుతున్నాయని తెలుస్తుంది.

ఐదో అడుగు: తిప్పుతూ చూసే ఏర్పాటు

రెండు గుండ్రటి గాజుపలకలు. కిందిది నెమ్మదిగా తిరిగే మోటారు మీద, పైది కదలకుండా. మధ్య అర మిల్లీమీటర్ సందు. కింద 45 డిగ్రీల అద్దం పెట్టి ఎర్ర లేజర్ పాయింటర్ వెలుగును నిలువుగా పైకి పంపండి, కేంద్రం నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో పలకల గుండా వెళ్లేట్టు. పైన ఒక అడుగు ఎత్తులో తెల్లకాగితం. నేరుగా పడే చుక్కను ఒక నల్ల టేపు ముక్కతో కప్పెయ్యండి, లేకపోతే చుట్టూ ఉన్న మసక వెలుగు కనబడదు. కన్ను ఎప్పుడూ కిరణం దారిలో పెట్టకండి.

షియర్ రేటు లెక్క: నిమిషానికి 10 చుట్లు అంటే సెకనుకు 1.05 రేడియన్లు. 20 మిల్లీమీటర్ల దగ్గర వేగం సెకనుకు 21 మిల్లీమీటర్లు. సందు 0.5తో భాగిస్తే సెకనుకు 42. పలకల మధ్య సందు ఒకవైపు 0.5, ఇంకోవైపు 0.6 ఉంటే లెక్క అక్కడే చెడిపోతుంది, కాబట్టి మూడు చోట్ల ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులతో) కొలవండి.

ఫోన్ కెమెరాతో వీడియో తీస్తారు కదా, ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి. లేకపోతే మసక పెరిగేకొద్దీ ఫోన్ తనంతట తాను వెలుగు తగ్గించేసి, ఏమీ జరగనట్టు చూపిస్తుంది.

ఆరో అడుగు: తిప్పండి, తర్వాత ఆపండి

వంపు వచ్చిన షియర్ రేటులో పదో వంతుతో మొదలుపెట్టి, ప్రతిసారీ రెట్టింపు చేస్తూ పోండి. ఒక్కో వేగం దగ్గర కనీసం ఐదు నిమిషాలు ఆగండి. మచ్చలు పెరగడానికి టైం కావాలి. తొందరపడితే మసక ఆలస్యంగా మొదలైందనుకుని తప్పుడు అంకె రాస్తారు.

మొదట కాగితం మీద పెద్దగా ఏమీ ఉండదు. హద్దు దాటాక చుక్కకు రెండు వైపులా వెలుగు రెక్కలు విచ్చుకుంటాయి, సీతాకోకచిలుకలా. రెక్కలు ప్రవాహం వైపు, దానికి అడ్డంగా నల్లటి గీత. అంటే గాఢత హెచ్చుతగ్గులు ప్రవాహం వెంబడి పెరుగుతున్నాయన్నమాట. ఈ ఆకారం మీకు దొరికిన గట్టి సాక్ష్యం. బుడగలు, దుమ్ము, జెల్ ముద్దలు ఇలా దిక్కు చూసుకుని రెక్కలు వెయ్యవు. మొదటిసారి ఇది చూసినప్పుడు రాత్రి పదకొండైంది, పక్కన ఎవరూ లేరు. మోటారు ఆపి, మళ్లీ పెట్టి, మళ్లీ ఆపి, ఇరవైసార్లు చూసుకున్నాను.

అసలు పరీక్ష ఆ ఆపడంలోనే ఉంది. మోటారు ఆగగానే స్టాప్‌వాచ్ నొక్కండి. నిజమైన షియర్ మసక కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల్లో కరిగిపోవాలి. మళ్లీ తిప్పితే మళ్లీ అదే షియర్ రేటు దగ్గర రావాలి. మూడుసార్లు వచ్చి, మూడుసార్లు పోతేనే నోట్‌బుక్‌లో రాయండి.

ఆపినా పోకపోతే ఏమిటి? గంటల తర్వాత నురగలా పైకి తేలితే బుడగలు. అలాగే ఉండిపోతే ఉష్ణోగ్రత పడిపోయి ద్రావణం నిజంగానే రెండుగా విడిపోయి ఉంటుంది. చల్ల చిలికితే వెన్న తేలుతుంది కదా, ఇదీ అంతే అంటారు కొందరు. కాదు. వెన్న తేలాక కవ్వం ఆపితే మళ్లీ చల్లలో కలవదు. అక్కడ కొవ్వు బిందువుల పొరలు చిట్లి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాలీఎథిలీన్‌ను వేడి జైలీన్‌లో తిప్పితే కడ్డీకి పీచులా స్ఫటికాలు పట్టుకోవడం కూడా ఇలాంటిదే, ఆపినా పోదు. పట్టుపురుగు చేసేదీ అదే. కడుపులో ద్రావణంగా ఉన్న ప్రోటీన్‌ను లాగి లాగి దారం చేస్తుంది, ఆ దారం మళ్లీ కరగదు. పోచంపల్లి చీర తడిపితే ద్రావణం కాకపోవడానికి ఆ పురుగుకు మనం రుణపడి ఉన్నాం.

ఏడో అడుగు: మిగిలిన మోసాలు

వేడిని లెక్కగట్టండి. స్నిగ్ధతను షియర్ రేటు వర్గంతో గుణిస్తే ఒక ఘనమీటరుకు ఎన్ని వాట్లో వస్తుంది. స్నిగ్ధత 5 పాస్కల్ సెకన్లు, షియర్ రేటు 50 అయితే 12,500 వాట్లు. అర మిల్లీమీటర్ సందులో అది లెక్కలోకి రాదు, గాజు లాగేస్తుంది. అదే ఫ్యాక్టరీలో స్నిగ్ధత 1, షియర్ రేటు 1,000 అయితే 10 లక్షల వాట్లు. వేడి బయటికి పోయే దారి లేకపోతే నీటి ద్రావణం సెకనుకు దాదాపు పావు డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. హెచ్‌పీఎంసీ లాంటిది మసకబారడానికి రెండు మూడు నిమిషాలు చాలు.

గొలుసులు తెగాయేమో చూడటానికి, ప్రయోగం ముందు కొలిచిన తక్కువ షియర్ స్నిగ్ధతను ప్రయోగం తర్వాత మళ్లీ కొలవండి. తగ్గితే తెగినట్టే, ఆ నమూనా ఇక పనికిరాదు. ఎక్కువ వేగంలో పలకల అంచు దగ్గర ద్రావణం చిరిగి బయటికి వస్తుంది. అప్పుడు రియోమీటర్ చూపే స్నిగ్ధత పడిపోవడం మీ పాలిమర్ గుణం కాదు, సందులో సరుకు లేకపోవడం.

ఇక వానాకాలం సంగతి. జూలైలో ఇక్కడి గాలికి తేమ ఎక్కువ. 15 డిగ్రీల గాజుపలక మీద నిమిషాల్లో తేమ బిందువులు పడతాయి, లేజర్ చెదురుతుంది, మీరు మురిసిపోతారు. ఖాళీ పలకలను అదే ఉష్ణోగ్రతలో అరగంట పెట్టి చూడకుండా ప్రయోగం మొదలుపెట్టకండి. నేను ఒక వారం డేటా ఇలాగే పారేశాను.

ఇంట్లో చేసుకునే చిన్న రూపం

ల్యాబ్ లేనివాళ్లకు గోరుచిక్కుడు గింజల గమ్, అదే గ్వార్ గమ్ ఉంది. కాచి చల్లార్చిన వెన్న తీసిన పాలు 100 మిల్లీలీటర్లకు 0.3 గ్రాముల గమ్. నేరుగా వేస్తే ఉండ కడుతుంది, ఒక చెంచా పంచదారలో పొడిగా కలిపి చల్లండి. గాజు గ్లాసులో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే గమ్ ఎక్కువున్న తేట పొర పైన, పాల ప్రోటీన్ ఎక్కువున్న తెల్ల పొర కింద విడిపోతాయి. ఐస్‌క్రీం మిక్స్‌లో క్యారజీనన్ (సముద్రపు నాచు నుంచి తీసే గమ్) వెయ్యడానికి ఒక కారణం ఈ విడిపోవడాన్ని ఆపడమే. చెంచాతో తిప్పితే మళ్లీ ఒకటే రంగు. ఇక్కడ షియర్ కలుపుతోంది, విడదీయడం లేదు. నిజానికి కలిపింది కూడా కంటికే, లోపల బిందువులు చిన్నవయ్యాయంతే. వదిలేస్తే మళ్లీ విడిపోతాయి.

ప్లాంట్‌లో ఇది ఎక్కడ తగులుతుంది

ట్యాంకులో తేటగా ఉన్న ద్రావణం సన్నటి పైపులో, ఫిల్టర్ ముందు, స్ప్రే ముక్కులో వేరుగా ప్రవర్తిస్తే ముందు అక్కడి షియర్ రేటు లెక్కవేయండి. ట్యాంకులో సెకనుకు 10 ఉన్నది నాజిల్‌లో వేలల్లో ఉండొచ్చు. ట్యాంకు నుంచి శాంపిల్ తీసి తేటగా ఉందని సంతకం పెట్టడం వల్ల లాభం లేదు, మసక వచ్చిన చోటే గాజు గొట్టం ముక్క పెట్టి చూడాలి. అక్కడ పంపు ఆపి, ఎంతసేపట్లో తేటపడిందో రాయండి. రిపోర్టులో ఆ అంకె లేకపోతే మా సీనియర్ ఇప్పటికీ పేజీ తిప్పడు.

ప్రయోగం అయ్యాక పలకలను టిష్యూతో తుడిచి, మిగిలిన ద్రావణాన్ని విడిగా సీసాలో పోసి రసాయన వ్యర్థాలకు పంపండి. సింక్‌లో పొయ్యకండి, అది నీళ్లలో కలవదు, గొట్టంలో జిగటగా పేరుకుపోతుంది.